కుట్టుమిషను మీది గువ్వ

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనే. అక్కడ నువ్వు, చెల్లెమ్మ, మీ అక్క బాగున్నారని తలుస్తాను.

ఉత్తరం ఎందుకంటే, దుకాణంలోకి ఒక గువ్వ వచ్చింది. ఈ వైపు తిరిగే రకం కాదు. కిటికీలోంచి వచ్చి కుట్టుమిషను చెక్క మూత మీద కూర్చుంది. పొమ్మన్నాను. పోలేదు. వారం దాటింది.

నువ్వు రిటైరయ్యాక పక్షులు చూసే సంఘానికి కార్యదర్శివయ్యావు కదా. నీకు పనికొస్తుందని రాస్తున్నాను. వీలుంటే వచ్చి చూడు. ఒక్కడివే రానక్కర్లేదు. ఇంకొకరిని తీసుకొచ్చినా అభ్యంతరం లేదు.

రాయడానికి ఇంకేం తోచడం లేదు.

బావ

తా.క.: గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు ఎక్కడ పెట్టిందో మీ అక్కని అడుగు.

*

బావగారికి,

నమస్కారం పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. వయసులో పెద్దవారు కనక పెడుతున్నాను. అంతకు మించి కారణం లేదు.

మీ ఉత్తరం అందింది. నేను పన్నుల ఆఫీసులో నోటీసులు రాసి రాసి రిటైరైనవాణ్ణి. ఎగ్గొట్టినవాళ్ళు రాసే జవాబులు ఎన్నో చదివాను. ఇంత నిబ్బరంగా అసలు సంగతి ఎగ్గొట్టిన కాగితం నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

మా అక్క సంచీ సర్దుకుని మీ ఇంట్లోంచి వచ్చేసి ఎండాకాలం వెళ్ళిపోయింది. వానలు కూడా వెనకబట్టాయి. ఎందుకొచ్చిందో గుర్తుందా? కొత్త కళ్ళజోడు పెట్టుకుని మీ ముందు నిలబడి 'ఎలా ఉన్నాను?' అని అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మీరు చేతిలో గుడ్డ చూసుకుంటూ రెండుసార్లు 'ఊఁ' అన్నారట. మూడోసారి అది కూడా అనలేదట. 'ముప్పై ఏళ్ళు గోడతో కాపురం చేశాను తమ్ముడూ, గోడైతే అప్పుడప్పుడూ కొంచెం సున్నమైనా రాల్చేది' అని ఇప్పటికీ అంటోంది. మీ చేత్తో 'రా' అని రాస్తే తప్ప ఆ గడప తొక్కనని భీష్మించుకుని కూర్చుంది. ఎంత రాయాలి? ఒక్క అక్షరం! ఫోను చేస్తే మీరు 'ఊఁ' అని పెట్టేస్తారు. సరే, ఉత్తరమైనా రాస్తారని ఇన్నాళ్ళు చూస్తే, ఇదిగో వచ్చింది. గువ్వ గురించి!

దిండు సంగతి అక్కని అడగలేదు. అడగను కూడా. మా అక్క మీ సామాన్ల కొట్టు గుమాస్తా కాదు.

కోపంతో ఉన్న,
మీ బావమరిది

తా.క.: కాళ్ళు ఏ రంగు? మెడ మీద గుర్తులేమైనా ఉన్నాయా? ఇది నా కోసం కాదు, సంఘం కోసం. నా కోపం అలాగే ఉంది.

*

బావమరిదికి,

నీ నమస్కారం అందింది.

కాళ్ళు ఎర్రవి. మెరుపు లేని ఎరుపు, కోటు లోపలి లైనింగులా. మెడకి రెండు పక్కలా నల్ల పట్టీ, అందులో తెల్ల గీతలు. కాజా కుట్టి బొత్తాం మర్చిపోయినట్టు ఉంటుంది. రెక్కల మీద ఒక్కో ఈకకీ ఇటుకరంగు అంచు, మడత పెట్టి కుట్టినంత శుభ్రంగా. ఛాతీ వదులు. భుజాలు జారుడు. దానికి కోటు నప్పదు.

ఒక ఇబ్బంది ఉంది. నేను గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పని చేస్తానని నీకు తెలుసు. ఆ మెరుపు చూస్తే అది ఎగిరి కిటికీ ఎక్కుతోంది. అందుకని నోట్లో పెట్టుకోవడం మానేశాను. ఇప్పుడు నోరు ఖాళీగా ఉంటోంది. అందుకని దానితో మాట్లాడుతున్నాను. పొద్దున నాలుగు మాటలు చెప్తే గానీ గింజలు ముట్టదు. మధ్యాహ్నం కూడా కాసేపు చెప్తాను. సాయంత్రం మిషను మూసేటప్పుడు ఇంకొంచెం.

మీ అక్క కళ్ళకి ఇప్పుడు ఎలా ఉందో రాయి.

బావ

తా.క.: సూదులు ఎక్కడ గుచ్చాలో తెలియక చొక్కా చేతికే గుచ్చుకుంటున్నాను. చెయ్యి మడిస్తే గుచ్చుకుంటున్నాయి. దిండు సంగతి మర్చిపోకు.

*

బావగారికి,

మీరు ఇల్లు తగలబెట్టారు. మీ ఇల్లు కాదు, నా ఇల్లు.

మీ ఉత్తరాన్ని భోజనాల దగ్గర పైకి చదివాను. నాది బుద్ధితక్కువ. కాజా, బొత్తాం దాకా అక్క వింటూనే ఉంది. 'మాట్లాడుతున్నాను' అన్న చోటికి రాగానే గ్లాసు కింద పెట్టింది.

"ఏమిటీ? మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"మాట్లాడుతున్నారా? ఆయనా?"

"అవునక్కా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం."

"మందు వేసుకున్నట్టు మూడు పూటలా! ఏం మాట్లాడతారట?"

"అది రాయలేదక్కా."

"రాయరు. ఎందుకు రాస్తారు? ముప్పై ఏళ్ళు నాకు దక్కని మాటలు పిట్టకి దక్కాయా? దానికి కళ్ళజోడు ఉందా?"

"పక్షులకి కళ్ళజోడు ఎందుకుంటుందక్కా?"

"నువ్వు కూడా దాని వైపేనా!"

ఆ తర్వాత దిండు సంగతి చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఆ దిండు పెళ్ళైన కొత్తలో మీ పెదాలు చిరుగుతాయేమోనని భయపడి తనే కుట్టి ఇచ్చిందట. మీరు ఒక్కరోజు కూడా వాడలేదట. 'ఇన్నేళ్ళూ నా కోసం వాడనిది, ఇవాళ పిట్ట భయపడుతోందని కావాల్సి వచ్చిందా? ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పను!' అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మీ చెల్లెలు నా వైపు ఎలా చూసిందంటే, గువ్వని నేనే పెంచి మీ ఇంటికి పంపినట్టు చూసింది.

మీ ఉత్తరం మా సంఘం అధ్యక్షుడికి చూపించాను. ఆయన పళ్ళ డాక్టరు. మీరు రాసినది రాసినట్టు కాగితం మీద బొమ్మ గీస్తే చొక్కా వచ్చింది. అయినా పుస్తకాలు తిరగేసి, ఇది నిజమైతే ఎక్కడో చలిదేశం నుంచి దారి తప్పి వచ్చిన గువ్వ, మా సంఘంలో ఎవరూ కళ్ళారా చూడనిది అని తేల్చారు. నేను హామీ ఇచ్చాను. మీరు ఇంకొకరిని తెచ్చినా అభ్యంతరం లేదని రాశారు కదా, ఆదివారం వ్యాను మాట్లాడుకుని సంఘమంతా వస్తున్నాం.

ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, మేం గువ్వ కోసం వస్తున్నాం. మీ కోసం కాదు.

బావమరిది

తా.క.: అక్క కళ్ళు బాగున్నాయి. అందులో నిప్పులు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

*

బావమరిదికి,

సంఘం వద్దు.

నేను ఇంకొకరు అని రాశాను. ఇంకొకరు అంటే ఒకరు. ఆ ఒకరు పళ్ళ డాక్టరు కాదు.

జనాన్ని చూస్తే నాకు మాట రాదు. గువ్వా అంతే. నా దుకాణమంటే ఇంటి ముందు గదే. అందులో ఒక మిషను, ఒక బల్ల, ఒక నిలువుటద్దం, కొలతలు సరిచూసుకునేవాళ్ళు బట్టలు మార్చుకునే తెర మూల, అంతే. మీరంతా వస్తే నేను బయట నిలబడాలి.

ఆ ఒకరు ఎవరో నీకు తెలియకపోతే నీ పక్కనున్న వాళ్ళని అడుగు. అంతకన్నా విడమరచి నాచేత రాయించకు. కోపం వస్తోంది.

బావ

తా.క.: వస్తే చెప్పులు చప్పుడు చెయ్యనివి వేసుకు రండి. రావద్దు.

*

బావగారికి,

ఈసారి నమస్కారం లేదు.

'రావద్దు' అన్న ఉత్తరం వ్యాను ఎక్కబోతుంటే చేతికొచ్చింది. హడావిడిలో అడుగున చెప్పుల మాట ఒక్కటే చదివి, బావగారు మెత్తబడ్డారు అని అందరికీ చెప్పాను. అదీ మీ మీద నాకున్న నమ్మకం!

ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా రాస్తున్నాను. నోటీసులో జరిగింది పూర్తిగా రాయాలి.

మీ గుమ్మం ముందుకు వచ్చాం. కిటికీ ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి మీ గొంతు వినిపిస్తోంది. మీ గొంతు, బావగారూ! ఎడతెరిపి లేకుండా! అది మీ గొంతని పోల్చుకోవడానికే నాకు కాసేపు పట్టింది, ఎప్పుడూ వినలేదు కదా. డాక్టరుగారు మునివేళ్ళ మీద నిలబడి 'తోక కనపడుతోంది, తోక!' అని గుసగుసలాడారు. నేను మర్యాదగా 'బావా!' అని పిలిచాను. కొంచెం గట్టిగా పిలిచానేమో. మీరు గుమ్మం దాకా వచ్చారు. నన్ను చూశారు. వెనక్కి తిరిగి లోపలికి చూశారు. మళ్ళీ నన్ను చూశారు. ఆపైన తలుపు నా ముక్కుకి అంగుళం దూరంలో ధడాలున మూశారు. అంగుళం లెక్క మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! కిటికీ కూడా మూశారు. గడియ పెట్టిన చప్పుడు విన్నాను.

తలుపు బాదాను. బాదుతూనే ఉన్నాను. మధ్యాహ్నం దాకా మీ వీధిలో ఎండలో నిలబడ్డాం. డాక్టరుగారు ఆనుకున్న గోడకి ఆ పొద్దునే రంగు వేశారని ఆయన కోటు చెప్పింది. ఒకాయన దుర్భిణి పైకెత్తి చుట్టూ తిప్పితే, ఎదురు మేడ మీద బనీనుతో గడ్డం గీసుకుంటున్న బేకరీ యజమాని కనిపించాడు. ఆయనకీ మేం కనిపించాం. ఆయన కేకలకి వీధంతా బయటికి వచ్చింది, మీరు తప్ప.

నన్ను కార్యదర్శి పదవిలోంచి తీసేశారు. ఇకనుంచి సంఘం బయటికి వెళ్తే నేను మంచినీళ్ళ డబ్బా మొయ్యాలట.

ఇది ఇవాళ్టి కక్ష కాదని నాకు తెలుసు. నా పెళ్ళి కోటుకి ఎడమ చెయ్యి పొట్టిగా కుట్టారు. పదిమందిలో అన్నానని మనసులో పెట్టుకున్నారు.

అక్క కూడా మాతో వ్యాను ఎక్కింది. సంబరపడకండి, మీ ఇంటికి కాదు. మధ్యలో దిగి మా చెల్లాయి ఊరికి వెళ్తానంది. మీ వీధి మలుపులో సంచీ పట్టుకుని దిగిపోయింది. మీ ఇంటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మంచి పని చేసింది!

ఇకమీదట మీకేమీ కాని,
మంచినీళ్ళ డబ్బా

తా.క.: ఆ తోక చివర తెల్ల అంచు ఉందా? ఒక్క ముక్క రాయండి చాలు.

*

బావమరిదికి,

కోపంగా ఉన్నావు.

కోటు పొట్టి కాదు. నీ ఎడమ చెయ్యి పొడుగు. కొలిచినప్పుడే చెప్దామనుకున్నాను. పెళ్ళికొడుకువి, బాధపడతావని ఊరుకున్నాను. ఇప్పుడు నాకూ కోపం వచ్చింది కనక రాస్తున్నాను.

తలుపు సంగతి తర్వాత రాస్తాను. తీరిక లేదు. పొద్దస్తమానం మాటలతోనే సరిపోతోంది.

బావ

తా.క.: ఉంది. తెల్ల అంచు.

*

బావగారికి,

మాటలతో సరిపోతోందా! ఇంకా ఆ గువ్వతో ముచ్చట్లేనా! ఇక్కడ మా ప్రాణాలు పోతున్నాయి.

చెల్లాయి ఉత్తరం రాసింది. అక్క వాళ్ళ ఊరికి రానే లేదట! వస్తానని కబురు కూడా లేదట! మీ వీధి మలుపులో దిగిన మనిషి ఏమైనట్టు? చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. బస్సు స్టాండుకి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడలందరి ముఖాల్లోకీ తొంగి చూశాను. ఒకావిడ గొడుగు పెట్టి కొట్టింది. మీ చెల్లెలు అన్నం మానేసింది. నేను సగం మానేశాను.

ఇదంతా ఎవరి వల్ల? ఒక్క అక్షరం రాయలేని మనిషి వల్ల! మా అక్కకి ఏమైనా అయితే ఆ గువ్వని కాదు, మిమ్మల్ని పంజరంలో పెట్టిస్తాను. పన్నుల ఆఫీసులో నాకింకా తెలిసినవాళ్ళు ఉన్నారు.

ఈ ఉత్తరం చూడగానే దుకాణం కట్టేసి వెతకండి. ఆ పిట్టకి సెలవు చెప్పండి.

ఏడుస్తూ రాస్తున్న,
బావమరిది

తా.క.: నా చెయ్యి పొడుగు కాదు. టేపుతో కొలిపించాను. కొంచెం పొడుగే.

*

బావమరిదికి,

మీ అక్క కనపడటం లేదని రాశావు. ఇక్కడ కనపడుతోంది. బల్ల అవతల కూర్చుని, నేనేం రాస్తున్నానో కళ్ళజోడులోంచి చూస్తోంది.

అన్నం తినండి, ఇద్దరూ.

తలుపు సంగతి రాస్తానన్నాను కదా. నేను ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకో.

ఆదివారం పొద్దున దుకాణంలో నేనూ గువ్వా ఉన్నాం. రోజూలాగే మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడుతున్నానో రాయను. పెరటి తలుపు గడియ పెట్టలేదు. మీ అక్క వెళ్ళిన దగ్గర్నుంచీ అది పెట్టడం లేదు. ఎవరో వచ్చిన చప్పుడైతే పిల్లి అనుకున్నాను.

నువ్వు వీధిలోంచి 'బావా' అని అరిచావు. కొంచెం గట్టిగా కాదు. బండి కింద పడ్డవాడిలా అరిచావు. తలుపు దగ్గరికి వచ్చి, గువ్వ బెదిరిందేమోనని వెనక్కి చూశాను. బెదరలేదు. మూత మీదే ఉంది. దాని వెనక బట్టలు మార్చుకునే తెర ఉంది కదా. తెర కింద చెప్పులు కనిపించాయి. కుడి చెప్పు పట్టీ తెగితే నేనే కుట్టాను, కోటు బొత్తాలు కుట్టే దారంతో. ఆ కుట్టు నాది. పోల్చుకున్నాను.

అప్పుడు ఇటు చూశాను. నువ్వున్నావు. నీ వెనక దుర్భిణులు ఉన్నాయి. మీరంతా లోపలికి వస్తే గువ్వ ఎగిరిపోతుంది. మీ అందరి ముందూ తెరలోంచి బయటపడితే మీ అక్క పౌరుషానికి పోయి మళ్ళీ వ్యాను ఎక్కుతుంది. ఇద్దరూ పోతారు. ఇదంతా నీకు చెప్పడానికి నాకు చాలాసేపు పడుతుంది. తలుపు మూయడానికి పట్టదు. మూశాను.

తెర ముందు నిలబడ్డాను. 'రా' అన్నాను.

నువ్వు తలుపు బాదుతున్నావు. లోపల్నుంచి 'వినపడలేదు' అని వచ్చింది. మళ్ళీ 'రా' అన్నాను. నువ్వు ఇంకా గట్టిగా బాదావు. మళ్ళీ 'వినపడలేదు.' మూడోసారి నేను కూడా అరవాల్సి వచ్చింది. బేకరీ ఆయన కేకల్లో కలిసిపోయి నీకు వినిపించి ఉండదు. జన్మలో ఎప్పుడూ అరవని నాచేత అరిపించావు. ఒకసారి అంటే సరిపోయేదానికి మూడుసార్లు అనిపించావు. అందుకు నీ మీద నాకు కోపం. అది చెప్దామనే ఇంత రాశాను.

ముందే కబురు పెడదామన్నాను. మీ అక్క పెట్టనివ్వలేదు. ఎందుకో తనే రాస్తుందట.

నీ కోటు పంపించు. ఎడమ చేతికి గుడ్డ వదిలి పెట్టే కుట్టాను. పొడుగు చేస్తాను.

గొంతు బొంగురుపోయిన,
బావ

తా.క.: తమ్ముడూ, మిగతాది నేను రాస్తున్నాను, కాగితం ఇటిమ్మని లాక్కున్నాను. కబురు ఎందుకు పెట్టనివ్వలేదంటావా? వ్యానులో నీ సంఘంవాళ్ళందరికీ 'అలిగొచ్చిన మా అక్క' అని నన్ను పరిచయం చేశావు చూడు, అందుకు. కొన్నాళ్ళు వెతుక్కోనీలే అనుకున్నాను. గొడుగు దెబ్బ సంగతి ఇప్పుడే చదివాను. ఆవిడెవరో గానీ తగిన పనే చేసింది.

పిట్టతో ఏం చెప్తున్నారో వినాలనే తెర వెనక దూరాను. విన్నాను. 'కళ్ళజోడు బాగుందే పిట్టా, చాలా బాగుంది. అప్పుడు నోటినిండా గుండుసూదులు ఉన్నాయి. అన్నీ తీసి బల్ల మీద పెట్టేసరికి మనిషి వీధి దాటిపోయింది. "రా" అని రాయడానికి కూర్చుంటే చెయ్యి నీ గురించి రాస్తోంది' అంటున్నారు. గుండుసూదులట! ముప్పై ఏళ్ళూ గుండుసూదులేనా? నా కోపం పోయిందనుకోవద్దు. దిండు నా సంచీలోనే ఉంది. వెళ్ళిపోయిన రోజే ఇల్లంతా వెతుక్కోనీ అని పట్టుకెళ్ళాను. ఇప్పుడు మిషను మీద పెట్టాను. వాడుతున్నారు.

'వినపడలేదు' అన్నానే, నీ బాదుడు వల్ల కాదు. మొదటిసారే వినపడింది. నేను అడిగింది మూడుసార్లు కదా మరి.

గువ్వ ఆ మర్నాడే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ మాటలన్నీ నేనే వినాల్సి వస్తోంది. నోరు ఖాళీగా ఉంది కదా, ఆగడం లేదు. నిన్న భోజనానికి కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఎవరిదో కాలరు ఎందుకు వంకర పోయిందో చెప్పారు. లేచాక కూడా చెప్పారు. చివరికి నేనే దిండులోంచి రెండు గుండుసూదులు తీసి, కాసేపు ఇవి పెదాల మధ్య పెట్టుకోండి అని ఇచ్చాను. నీ సంఘంలో ఎవరికైనా అలాంటి గువ్వ మళ్ళీ కనిపిస్తే, దారి తప్పించి ఇటు తోలమను.